వాల్వులంటే భయమెందుకు, 12 వోల్టులతో చేయించండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మన పేపర్లో ఇంజనీరింగ్ కుర్రాళ్ల ప్రాజెక్టులంటే రోబోలు, డ్రోన్లే వస్తున్నాయి, మంచిదే, కానీ వాల్వులతో, అంటే పాత రేడియోల్లో ఉండే గాజు బుడ్లతో, మైక్ ప్రీయాంప్ (మైక్ నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) చేయడం గురించి కూడా ఒకసారి వేయండి. ఇక్కడ గుంటూరులో ఏ లెక్చరర్ గారిని అడిగినా షాక్ కొడితే ఎవరు బాధ్యులండీ అంటున్నారు. ఆ భయం తప్పు కాదు, మామూలు వాల్వు సర్క్యూట్లో ప్లేటుకి (వాల్వులో ఎలక్ట్రాన్లు చేరే రేకు) 250 వోల్టుల దాకా ఇస్తారు, స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్లో ఛార్జ్ ఉండిపోతుంది.

కానీ 12 వోల్టులతోనే పని చేయించొచ్చండి. 1950ల్లో కారు రేడియోల కోసం కారు బ్యాటరీ మీదే నడిచే వాల్వులు చేశారు, ఈసీసీ86 అలాంటిదే. అది దొరక్కపోతే 12ఏయూ7 అనే వాల్వు చాలు, హీటర్‌కి (వాల్వుని లోపల వేడి చేసే తీగ) 150 మిల్లీయాంప్సే కాబట్టి యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటే హీటర్‌కీ ప్లేటుకీ సరిపోతుంది, పైగా డీసీ కదా, హీటర్ నుంచి హమ్ (గుయ్‌మనే మోత) రాదు. బ్యాటరీకి ఫ్యూజ్ మాత్రం పెట్టి తీరాలి.

అసలు పాఠం గెయిన్ దగ్గరుంది, అంటే సిగ్నల్ ఎన్ని రెట్లు పెరుగుతుందనే దాని దగ్గర. డైనమిక్ మైక్ ఇచ్చేది ఒకట్రెండు మిల్లీవోల్టులు, ఇంత తక్కువ వోల్టేజీలో ట్రయోడ్ (వాల్వులో సిగ్నల్‌ని పెంచే భాగం) డేటాషీట్లో రాసినంత గెయిన్ ఇవ్వదు, అందుకని ముందు 1:10 మైక్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే 20 డీబీ, అంటే పది రెట్ల వోల్టేజీ, అక్కడే వచ్చేస్తుంది, ఆ తర్వాత ఒకే గాజు బుడ్డిలో ఉన్న రెండు ట్రయోడ్లనీ ఒకదాని వెనక ఒకటి కలపాలి, అదీ చాలకపోతే చివర్లో ఒక ఆప్‌యాంప్ (సిగ్నల్ పెంచే చిప్). బయాస్ కోసం, అంటే వాల్వు సరిగ్గా పని చేసే వోల్టేజీలో నిలబడడానికి, గ్రిడ్ (సిగ్నల్ అందుకునే జాలీ) నుంచి గ్రౌండ్‌కి కొన్ని మెగోమ్స్ రెసిస్టర్ పెడితే గ్రిడ్ తనంతట తనే కాస్త నెగటివ్‌కి వెళ్తుంది. ప్లేటు రెసిస్టర్ మార్చుతూ స్కోప్‌లో (సిగ్నల్‌ని తెర మీద గీసి చూపే పరికరం) వేవ్ ఎక్కడ చదునవుతోందో చూస్తే, బోర్డు మీద గీసిన గ్రాఫ్ కన్నా బాగా బుర్రకెక్కుతుంది. వాల్వుని వేలితో తడితే స్పీకర్లో టింగుమంటుంది, కింద రబ్బరు వేయాలని పిల్లలకి అప్పుడు తెలుస్తుంది.

ఇది అసలు వాల్వు సౌండే కాదనేవాళ్లున్నారు, మైక్‌లో గట్టిగా అరిస్తే సౌండ్ పగిలిపోయే మాట నిజమే, కానీ మామూలు మాటకీ పాటకీ బాగానే ఉంటుంది, నేర్చుకోవడానికి ఇంతకన్నా క్షేమమైన దారి నాకు కనబడలేదు.

దయచేసి మీ సైన్స్ పేజీలో ఒక సర్క్యూట్ బొమ్మ వేయండి. పాత వాల్వు యాంప్లిఫయర్లు ఇంట్లో ఉన్నవాళ్లు తుక్కుకి అమ్మేయకుండా కాలేజీ ల్యాబ్‌కి ఇవ్వమని కూడా రాయండి, వాటిని మాత్రం పిల్లలు కాకుండా తెలిసిన మెకానిక్కే విప్పాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు