ట్యాపుల లోడింగ్ కాయిల్‌లో పవర్ నష్టంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కాయిల్ వాపసు తీసుకొని డబ్బు తిరిగి ఇవ్వడం గురించి

నమస్కారం. మీ ట్యాపుల లోడింగ్ కాయిల్ (పొట్టి రేడియో యాంటెన్నాను వేర్వేరు బ్యాండ్లకు కుదిర్చే తీగచుట్ట; ట్యాపు అంటే చుట్ల మధ్యలో కనెక్షన్ తీసుకునే చోటు) 7 మెగాహెర్ట్జ్ ట్యాపు మీద 100 వాట్లకే వేడెక్కి, దాన్ని చుట్టిన ప్లాస్టిక్ గొట్టం మెత్తబడిందని ఇదివరకే రాశాను. "ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 చూపిస్తోంది కదా, కాయిల్ బాగున్నట్టే" అని మీవాళ్లు జవాబిచ్చారు. నా పేచీ ఆ జవాబుతోనే. ఎస్‌డబ్ల్యూఆర్ అనేది పంపిన పవర్ వెనక్కి ఎంత తిరిగొస్తోందో చెప్పే కొలత మాత్రమే; 1కి దగ్గరైతే తక్కువ తిరిగొస్తున్నట్టు. పవర్‌ను ప్రసారం చేయకుండా వేడిగా మార్చేసే డమ్మీ లోడ్ తగిలించినా మీటరు 1.1 చూపిస్తుంది. అంతమాత్రాన అది యాంటెన్నా అయిపోదు.

ఆ ట్యాపు మీద 42 చుట్లలో 18 మాత్రమే పనిచేస్తాయి. మిగతా 24 చుట్లను మీ సెలెక్టర్ షార్ట్ చేస్తుంది. షార్ట్ చేస్తే అవి లేనట్టే అనుకున్నారేమో! పనిచేసే చుట్ల అయస్కాంత క్షేత్రం వాటిలోనూ కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు బయటికి పోయే దారిలేక అక్కడే తిరిగి వేడిగా మారుతుంది. గొట్టం మెత్తబడింది కూడా ట్యాపు దాటాక మొదటి నాలుగైదు చుట్ల దగ్గరే.

షార్ట్ తీసేసి చూశాను. వేడి తగ్గింది గానీ ఖాళీ కొస దగ్గర నిప్పురవ్వలు మొదలయ్యాయి. ఆటోట్రాన్స్‌ఫార్మర్‌లా అక్కడ వోల్టేజి పెరిగిపోతుంది మరి. భయమేసి వెంటనే ఆపేశాను.

తర్వాత ఈ ఒక్క బ్యాండుకే సరిపడా, ట్యాపులేవీ లేకుండా, లావుపాటి రాగితీగతో నేనే ఒక కాయిల్ చుట్టాను. అదే యాంటెన్నా కడ్డీ, అదే ఎర్త్. రెసొనెన్స్ దగ్గర, అంటే యాంటెన్నా ఆ ఫ్రీక్వెన్సీకి సరిగ్గా కుదిరిన చోట, దానితో 31 ఓములు వచ్చింది, మీ కాయిల్‌తో 46. అంటే మీది అదనంగా 15 ఓముల నష్టం కలుపుతోంది. 100 వాట్లు పంపితే సుమారు 33 వాట్లు ఆ 15 ఓముల్లోనే పోతాయి. తమాషా ఏమిటంటే, మీటరు 50 ఓములకు ఎంత దగ్గరో మాత్రమే చూస్తుంది కాబట్టి నా కాయిల్ ఎస్‌డబ్ల్యూఆర్ 1.6. మీ మీటరు లెక్కన నాదే చెత్త కాయిల్!

తేడా 1.7 డెసిబెల్సే, అవతల వినేవారికి పెద్దగా తెలియదు, ఒప్పుకుంటాను. కానీ 33 వాట్లంటే ఒక సోల్డరింగ్ ఐరన్. దాన్ని ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి అమ్మితే ఎలా? పెట్టె మీద 100 వాట్లు అని ఉందే తప్ప ఏ ట్యాపు మీదో, ఎంతసేపో లేదు.

నా డబ్బు తిరిగి ఇవ్వండి. లేదంటే బ్యాండుకొక విడి కాయిల్ పంపండి, ఇదే మోడల్ ఇంకొకటి మాత్రం వద్దు. కాయిల్ ఫోటోలు, రీడింగులు జతచేస్తున్నాను. ఈసారి జవాబు కాయిల్ డిజైన్ చేసినవారు రాస్తే బాగుంటుంది.

ఇట్లు,
మీ కస్టమర్