డప్పు దెబ్బ మొద్దుబారుతోంది: టేప్ ప్లగిన్ వాడేవారు చూసుకోవాల్సినవి

సంపాదకుల వారికి,

నమస్కారం. బోనాల పాటలు, బతుకమ్మ పాటల సీజన్ వచ్చిందంటే కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, అమీర్‌పేట వైపు చిన్న స్టూడియోలకు ఊపిరాడదు. ఆ స్టూడియోల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. అందులో టేప్ ప్లగిన్ (పాత టేప్ మిషన్ శబ్దాన్ని కంప్యూటర్‌లో అనుకరించే సాఫ్ట్‌వేర్) వేస్తే పాటకు పాతకాలపు నిండుదనం వస్తుందని ఒక మాట రాశారు. ఆ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం.

నిండుదనం వచ్చేమాట నిజమే. అయితే ఆ ప్లగిన్‌ను ఎక్కడ వేశాం, ఎంత లెవెల్‌తో వేశాం, ఏ స్పీడ్‌లో పెట్టాం అన్నది చూసుకోకపోతే ముందుగా పోయేది డప్పు. డప్పు కళాకారుడు వాయించే ముందు చర్మాన్ని మంట దగ్గర కాచి బిగిస్తాడు. ఖంగుమనే ఆ దెబ్బ కోసమే అదంతా. అంత శ్రమపడి తెచ్చిన దెబ్బ యూట్యూబ్‌లో అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపిస్తుంటే బాధేస్తుంది. తప్పు వాయించినవాడిది కాదు, మైకుదీ కాదు. ట్రాక్‌లో ఒకటి, తాళ వాయిద్యాల ట్రాకులన్నీ కలిసే రిథమ్ బస్‌లో ఒకటి, పాట మొత్తం చివరగా దాటే మాస్టర్‌లో ఒకటి అని ప్రీసెట్ (ముందే ఉంచిన సెట్టింగ్) మార్చకుండా మూడుచోట్ల వేసిన టేప్ ప్లగిన్‌ది.

ముందు మీటరు సంగతి. ప్లగిన్ తెర మీద కనిపించే సూది మీటరు వీయూ మీటరు. ఒక శబ్దానికి సూది పూర్తిగా లేవడానికి సుమారు 300 మిల్లీసెకన్లు పడుతుంది. పాడే గొంతుకు, హార్మోనియానికి అది సరిపోతుంది. చిటికెన పుల్ల దెబ్బ మాత్రం సూది కదలడం మొదలుపెట్టేలోపే పైకెళ్లి దిగిపోతుంది. సూది -5 దగ్గర హాయిగా ఊగుతున్నా, అసలు పీక్, అంటే దెబ్బ ఎగిసిన గరిష్ఠ లెవెల్, దానికి 10 నుంచి 15 డెసిబెల్స్ పైన ఉండొచ్చు. సూదిని 0 దగ్గరికి తేవాలని ఇన్‌పుట్ తిప్పేవారు డప్పు పీకులన్నింటినీ టేప్ తట్టుకోలేని చోటికి నెడుతున్నారు. గొంతుకు సూది 0 దగ్గర ఉండొచ్చు. డప్పుకు, డోలుకు, గజ్జెలకు -10 దాటనివ్వకండి.

ఆ దాటిన పీక్‌లో కూడా ముందు నలిగేది పై ఫ్రీక్వెన్సీలే. టేప్ మిషన్ రికార్డు చేసేటప్పుడు పై ఫ్రీక్వెన్సీలను పెంచి టేప్ మీదికి ఎక్కిస్తుంది, ప్లే చేసేటప్పుడు అంతే తగ్గిస్తుంది. హిస్, అంటే టేప్ సర్రుమనే చప్పుడు, వినిపించకుండా చేసుకున్న ఏర్పాటది. అమెరికా పద్ధతి పేరు ఎన్ఏబీ, యూరప్ పద్ధతి పేరు ఐఈసీ లేదా సీసీఐఆర్. ప్లగిన్‌లో ఈ పేర్లతో ఉండే స్విచ్ దానికోసమే. పెంచి ఎక్కించడం వల్ల పుల్ల తగిలిన చప్పుడు, గజ్జెల మోత, గాయని పలికే స, శ, చ అక్షరాలు మిగతా వాటికన్నా ముందే టేప్‌ను నింపేస్తాయి. స్పీడ్ తగ్గేకొద్దీ ఈ ఇబ్బంది ఎక్కువ. అందుకే గొంతు ట్రాక్‌లో ఆ స, శ చప్పుళ్లను తగ్గించే డీ-ఎస్సర్ టేప్ ప్లగిన్‌కు ముందే ఉండాలి. టేప్‌లో చిట్లిపోయిన సకారాన్ని తర్వాత డీ-ఎస్సర్‌తో తగ్గించగలం తప్ప బాగుచేయలేం.

టేప్ సెకనుకు ఎన్ని అంగుళాలు నడుస్తుందన్న స్పీడ్ విషయంలో చాలామంది 15 నిండుగా ఉంటుంది, 30 పల్చగా ఉంటుంది అని బట్టీపట్టినట్టు చెబుతారు. ఎందుకో తెలిస్తే ఎప్పుడు ఏది వాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. సెకనుకు 15 అంగుళాలు నడిచే టేప్ మీద 60 హెర్ట్జ్ శబ్దపు ఒక్క అల పొడవు పావు అంగుళం. అల పొడవు, టేప్‌ను చదివే ప్లేబ్యాక్ హెడ్ కొలతకు దగ్గరపడ్డప్పుడు ఆ ఫ్రీక్వెన్సీ కాస్త ఉబ్బుతుంది. హెడ్ బంప్ అనేది దీన్నే. టేప్ స్పీడ్ 30 చేస్తే అదే పావు అంగుళం అల 120 హెర్ట్జ్‌ది అవుతుంది, ఉబ్బు అక్కడికి జరుగుతుంది. ఉబ్బు కచ్చితంగా ఎక్కడన్నది మిషన్‌ను బట్టి మారుతుంది, స్పీడ్ రెట్టింపైతే ఫ్రీక్వెన్సీ రెట్టింపవడం మాత్రం మారదు. కాబట్టి కింద బరువు కావాల్సిన బేస్ గిటార్‌కు, సింథ్ బేస్‌కు 15. పుల్ల దెబ్బ నిలవాల్సిన డప్పుకు 30. 7.5ను ఏదో ఒక చిన్న ముక్కకు పాత రేడియో రంగు కావాలన్నప్పుడు తప్ప తాకకపోవడమే మంచిది.

ఇక్కడే మూడుచోట్ల వేయడంలోని అసలు ప్రమాదం తెలుస్తుంది. పది ట్రాకులకు విడివిడిగా ఒకే ప్లగిన్ వేసి, ఒక్కోదానిలో 60 హెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ ఉబ్బు ఉందనుకోండి. పదీ కలిశాక కూడా ఆ ఉబ్బు 2 డెసిబెల్సే, ఎందుకంటే అవి పక్కపక్కన ఉన్నాయి. అదే ట్రాక్, బస్, మాస్టర్ అని ఒకదాని వెనక ఒకటి వేస్తే 2, 2, 2 కలిసి 6 అవుతుంది. పైన 15 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కోసారి 1 డెసిబెల్ పోతే మొత్తం 3 పోతాయి. కింద 6 పెరిగి పైన 3 తగ్గిన పాటను ఊరేగింపులో డీజే బాక్సుల మీద వేస్తే ఏమవుతుందో బోనాలకు వెళ్లినవాళ్లందరికీ తెలుసు. ఫోన్ స్పీకర్‌లో ఆ 60 హెర్ట్జ్ వినపడనే వినపడదు. అయినా నష్టం అక్కడా తప్పదు. మాస్టర్‌లో లెవెల్ హద్దు దాటకుండా ఆపే లిమిటర్ ఆ వినపడని ఉబ్బుకే ముందు స్పందించి మొత్తం పాటను కిందికి నొక్కుతుంది. డోలు దెబ్బ పడ్డ ప్రతిసారీ గాయని గొంతు మునిగి తేలుతున్నట్టు ఉంటే చాలాసార్లు కారణం ఇదే.

పాత స్టూడియోల్లో కూడా టేప్ ప్రతి మెట్టులోనూ ఉండేది కదా అని అడగొచ్చు. మల్టీట్రాక్ టేప్ ఒకటి, మిక్స్ దించే టేప్ ఒకటి, నిజమే. కానీ మిషన్లను టోన్లు వేసి ఎప్పటికప్పుడు సరిచేసుకునేవారు. హెడ్ బంప్ ఎంతుందో తెలుసుకుని అడ్జస్ట్ చేసేవారు. ప్లగిన్లలో కూడా ఆ తేడా ఉంది. స్టూడర్ ఎ800 మల్టీట్రాక్ మిషన్, ఆంపెక్స్ ఏటీఆర్-102 రెండు ట్రాకుల మాస్టరింగ్ మిషన్. మొదటిదాని నమూనా ట్రాకులకు, బస్సులకు, రెండోదాని నమూనా మాస్టర్‌కు సరిపోతుంది. స్టూడర్ జె37 నాలుగు ట్రాకుల వాల్వు మిషన్. దాని రంగు బాగా తెలుస్తుంది కాబట్టి ఒక్క గొంతుకో, ఒక్క వేణువుకో బాగుంటుంది.

డబ్బు పెట్టలేమన్న దిగులు అక్కర్లేదు, క్రాక్ కాపీల కోసం వెతకడం అంతకన్నా అక్కర్లేదు. చౌ టేప్ మోడల్, ఎయిర్‌విండోస్ వాళ్ల టోటేప్ ఉచితంగానే దొరుకుతాయి, పని చేయగలిగినవే.

ఇక సెట్టింగ్. టేప్ ప్లగిన్ తెరవగానే హిస్, వావ్ (టేప్ స్పీడ్ మెల్లగా ఊగడం), ఫ్లటర్ (వేగంగా ఊగడం), క్రాస్‌టాక్ (ఒక ట్రాక్ శబ్దం పక్కదానిలోకి కారడం) ఈ నాలుగింటినీ సున్నా చేయండి. కావాలనుకుంటే తర్వాత ఒక్కటి పెంచుకోవచ్చు. హిస్ ఒక్క ట్రాక్‌లో వింటే లేనట్టే ఉంటుంది. 16 ట్రాకుల్లో అదే హిస్ ఉంటే మొత్తం 12 డెసిబెల్స్ పెరుగుతుంది. ఒక్కోటి -70 అనుకుంటే కలిపితే -58. దాన్ని లిమిటర్ మరో 8, 10 పైకి లాగుతుంది. పల్లవి అయిపోయి చరణం అందుకునే ముందు ఆ ఖాళీలో సర్రుమనే చప్పుడు వస్తే ఎక్కడిదా అని వెతుక్కోవాలి.

వావ్ విషయంలో మన సంగీతానికి ప్రత్యేకంగా జాగ్రత్త అవసరం. పాశ్చాత్య పాటలో గిటార్ కార్డ్ కాస్త ఊగితే అందంగా ఉండొచ్చు. మన పాట కింద శ్రుతి నిలబడి ఉంటుంది. 220 హెర్ట్జ్ దగ్గర సా పట్టిన గొంతు ట్రాక్ మీద వావ్ 0.5 శాతం లాగితే గొంతు ఆ క్షణంలో 221.1కి వెళ్తుంది, శ్రుతిపెట్టె 220 దగ్గరే ఉంటుంది. రెండింటి మధ్య సెకనుకు ఒకసారి పైగా అల కొడుతుంది. అది వినేవాడికి గాయని శ్రుతి తప్పినట్టే ఉంటుంది. ఎంత బాగా పాడినా ఆ మాట పడేది ఆమె మీదే. హార్మోనియం, శ్రుతి, తంబూరా ఉన్న పాటల్లో వావ్‌ను సున్నా నుంచి కదపకండి. అలాగే డోలుకు ఎడమ కుడి రెండు మైకులు పెట్టినప్పుడు రెండు మోనో ప్లగిన్లు వేయకండి. రెండింటి ఊగు వేరువేరుగా ఉండి ఫేజ్, అంటే రెండు మైకుల అలలు కలిసే తీరు, చెదురుతుంది, డోలు మధ్యలో నిలవక అటూ ఇటూ తిరుగుతుంది. రెండు ట్రాకులను ఒక స్టీరియో బస్‌లోకి పంపి అక్కడ ఒక్కటే వేయాలి.

ప్లగిన్ లోపలి లెక్కలను ఎక్కువ శాంపిల్ రేటులో చేయించే ఓవర్‌శాంప్లింగ్ బటన్‌ను ఎక్కువమంది పట్టించుకోరు, సీపీయూ తింటుందని ఆఫ్‌లో ఉంచుతారు. సెషన్ 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో ఉందనుకోండి, అందులో సగం, అంటే 24 దాటిన ఫ్రీక్వెన్సీకి చోటు లేదు. గజ్జెల చప్పుడులో 9 కిలోహెర్ట్జ్ దగ్గర ఉన్న భాగాన్ని టేప్ నలిపినప్పుడు దానికి మూడింతలు, ఐదింతలు ఫ్రీక్వెన్సీ ఉన్న కొత్త శబ్దాలు (హార్మోనిక్స్) పుడతాయి. మూడింతలంటే 27, అది వెనక్కి మడిచి 21 దగ్గర పడుతుంది, పెద్దగా వినపడదు. ఐదింతలంటే 45, అది మడిచి పడేది సరిగ్గా 3 కిలోహెర్ట్జ్ దగ్గర. మాటలు స్పష్టంగా వినపడాల్సిన చోటది. పాటకు సంబంధం లేని గరుకుదనం గొంతు మీద పూసినట్టు వస్తుంది. టేప్‌లో ఇలాంటిది ఉండేది కాదు, ఇది కంప్యూటర్ లెక్కల్లో పుట్టిన లోపం. 4 రెట్లు ఓవర్‌శాంప్లింగ్ పెడితే దాదాపు పోతుంది. పని చేసేటప్పుడు 2 రెట్లు, రెండర్ చేసేటప్పుడు (పూర్తయిన పాటను ఫైలుగా తీసేటప్పుడు) 4 లేదా 8 రెట్లు అని విడిగా పెట్టుకునే వీలు కొన్ని ప్లగిన్లలో ఉంది.

కాలిబ్రేషన్ నాబ్ మీద +3, +6, +9 అని ఉంటే, టేప్ మీద మీటరుకు 185 నానోవెబర్ల అయస్కాంత బలాన్ని 0గా పెట్టుకుని వేసిన అంకెలవి. 250 అయితే సుమారు +3, 355 అయితే సుమారు +6. అంకె పెంచితే అదే ఇన్‌పుట్‌కు టేప్ తొందరగా నిండుతుంది. ఆంపెక్స్ 456 టేప్‌కు +6, జీపీ9కి +9 వాడుకలో ఉన్న కొలతలు. 456 ఎంచుకుని +9 పెడితే డప్పు నలిగిపోతుంది. డప్పు బస్‌కు +3తో మొదలుపెడితే మేలు.

ఇప్పుడు ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లను లింక్ చేసి, అంటే ఒకటి పెరిగినంత రెండోది తగ్గేలా పెట్టి, డప్పు ఒక్కటే వింటూ ఇన్‌పుట్ మెల్లగా పెంచుకుంటూ పోవాలి. పుల్ల చప్పుడు అంచు అరిగిందని మొదటిసారి అనిపించిన చోట ఆగి, అక్కడి నుంచి 3 డెసిబెల్స్ వెనక్కి రావాలి. తర్వాత బైపాస్ నొక్కి, అంటే ప్లగిన్ పనిచేయకుండా ఆపి, చూడాలి. ఈ రెండింటి లౌడ్‌నెస్ సమానంగా లేకపోతే ఆ పోలిక పనికిరాదు, అర డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి మంచిదనిపిస్తుంది. లౌడ్‌నెస్ మీటరు పెట్టి తేడా 0.2 లోపుకి తెచ్చాకే నిర్ణయం తీసుకోవాలి. సమానం చేశాక బైపాస్‌లోనే బాగుందనిపిస్తే ప్లగిన్ తీసేయడానికి మొహమాటపడొద్దు. అసలు చాలా జానపద మిక్సుల్లో టేప్ ప్లగిన్ ఒక్కచోట చాలు, అదీ రిథమ్ బస్‌లో కాకుండా బేస్‌లోనో, మాస్టర్‌లో అతి తక్కువగానో.

ఇంట్లో పాత క్యాసెట్ నుంచి డిజిటల్‌లోకి ఎక్కించిన అమ్మమ్మల పాటలను కొత్త పాటల్లో కలిపేవారికి ఒక్క మాట. ఆ గొంతు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడిచే నిజం టేప్ మీదినుంచే వచ్చింది. హిస్, ఊగు, పై ఫ్రీక్వెన్సీల నష్టం అన్నీ అందులో ముందే ఉన్నాయి. దాని మీద మళ్లీ టేప్ ప్లగిన్ వేయకండి.

నగరంలో సౌండ్ ఇంజనీరింగ్ నేర్పే సంస్థలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ప్రీసెట్ల పేర్లు చెప్పే ముందు విద్యార్థి చేత టోన్ వేయించండి. పీక్ -18 దగ్గర 1 కిలోహెర్ట్జ్ సైన్ టోన్ పంపితే ఎక్కువ ప్లగిన్లలో సూది 0 చూపిస్తుంది. చూపించకపోతే ఆ ప్లగిన్ కొలత వేరు, మాన్యువల్‌లో ఉంటుంది. తర్వాత అదే లెవెల్‌లో 60 హెర్ట్జ్, 120 హెర్ట్జ్, 10 కిలోహెర్ట్జ్ పంపి, ఈ నాలుగు టోన్లలో ఒక్కోదానికి అవుట్‌పుట్ ఎంత వచ్చిందో 15లోనూ 30లోనూ రాయించండి. ఎనిమిది అంకెలు వస్తాయి. ఇరవై నిమిషాల పని. ఆ ఎనిమిది అంకెల చీటీ మానిటర్ పక్కన అంటించి ఉంటే, డప్పు ట్రాక్ చేతికొచ్చినప్పుడు ఏ స్పీడ్ పెట్టాలో వెతుక్కునే పని ఉండదు.

ఇట్లు,
ఒక మిక్సింగ్ ఇంజనీరు,
కృష్ణానగర్, హైదరాబాద్