చెడిపోయింది స్పీకరు కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ సంగీతం పేజీలో ఆల్బమ్ వచ్చిన వారానికే నక్షత్రాలు వేసేస్తున్నారు, నా గొడవ దాని గురించే. ఆ పేజీ నేనే రాస్తుంటే ఒక హంగేరియన్ ఆల్బమ్‌కి ఒక్క నక్షత్రం పడేసి చేతులు దులిపేసుకునేవాణ్ణి.

మధ్యయుగాల ఫక్కీలో వాయించిన జానపదాలు అవి. పేరు రాయను, తెలుగులో ఎలా రాసినా తప్పే వస్తోంది. మొదటి పాటలోనే జుయ్యిమని ఒక రొద, కందిరీగని అగ్గిపెట్టెలో మూసినట్టు. స్పీకరు పోయిందనుకుని వైర్లు పీకి మళ్లీ పెట్టాను, హెడ్‌ఫోన్స్ మార్చాను, అదే రొద. నాలుగో పాట దాకా కూడా వెళ్లలేదు.

నెల తర్వాత వేరే పనిలో ఉండగా అదే మళ్లీ మోగింది, లేచి ఆపడానికి బద్ధకించాను. అప్పుడు తట్టింది, ఆ రొద ఇష్టమొచ్చినట్టు రావట్లేదు, సరిగ్గా తాళం దెబ్బ మీద పడుతోంది. వెతికి వీడియో చూశాను. రొద చేసే ఆ వాయిద్యాన్ని టెకెరో అంటారు, తిప్పడం అనే మాటలోంచే ఆ పేరు. ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తో పిడి తిప్పితే రోజిన్, అంటే ఫిడేలు కమానుకి రాసే బంక, పూసిన చెక్క చక్రం తీగల్ని ఒరుసుకుంటూ తిరుగుతుంది, ఎడమచేత్తో మీటలు నొక్కితే పాట పలుకుతుంది, మిగతా తీగలు శ్రుతిలా మోగుతూనే ఉంటాయి. వాటిలో ఒక తీగ కింద చిన్న చెక్కముక్కని కావాలనే వదులుగా ఉంచుతారు. మణికట్టుతో పిడిని ఒక్క విసురు విసిరినప్పుడల్లా ఆ ముక్క పలకకి కొట్టుకుని జుయ్యిమంటుంది. డప్పు వాయించే మనిషి వేరే అక్కర్లేదన్నమాట. నేనేమో వైర్లు పీకుతూ కూర్చున్నాను.

అక్కణ్ణుంచి పాటలు కూడా విప్పుకున్నాయి. పాత బాణీలు చాలావరకు పైనుంచి కిందికి దిగుతాయి, మొదటి సగంలో పాడిందే రెండో సగంలో పంచమమంత కింద మళ్లీ పాడతారు. అయిదే స్వరాలు. శుద్ధ ధన్యాసి విన్న చెవికి చప్పున దొరకాలి గానీ నాకు మూడు వారాలు పట్టింది.

ఇందులో నాకు ఊరటనిచ్చే సంగతి ఒకటుంది, ఇవి ఒకప్పుడు హంగేరీ పట్నాల వాళ్లకే సరిగ్గా తెలియవు. బుడాపెస్ట్ కాఫీహోటళ్లలో వాయించేదే తమ జానపదం అనుకునేవాళ్లు. 1900ల మొదట్లో బేలా బార్తోక్, జోల్తాన్ కొదాయ్ అనే ఇద్దరు హంగేరియన్ స్వరకర్తలు ఫోనోగ్రాఫ్ పట్టుకుని పల్లెలు తిరిగి, రైతుల పాటల్ని మైనపు సిలిండర్ల మీదికి ఎక్కించుకున్నాకే ఆ పాత పొర బయటపడింది. 1972లో బుడాపెస్ట్ కుర్రకారు తాంత్స్‌హాజ్‌లు పెట్టి, అంటే డాన్సు ఇళ్లు, పల్లెల్లో వాయించినట్టే వాయించడం, ఆడినట్టే ఆడటం నేర్చుకున్నారు. ఆ నేర్పే పద్ధతిని 2011లో యునెస్కో కూడా గుర్తించింది. అసలు మధ్యయుగాల నుంచి స్వరాలు రాసిపెట్టి ఉన్న హంగేరియన్ జనం పాటలు బహు తక్కువ, కాబట్టి ఇలాంటి ఆల్బమ్ చేసేవాళ్లు పల్లె బాణీల్నీ పాత వాయిద్యాల్నీ పట్టుకుని ఊహించుకుంటూ వెళ్లాల్సిందే. అది మోసమని మొదట్లో అనిపించింది, ఇప్పుడు అనిపించట్లేదు.

మీ విమర్శకుడు మూడు నెలల కింద తీసిపారేసిన ఆల్బమ్ ఏదైనా మళ్లీ విని రాస్తే చదవాలని ఉంది. మాట మార్చుకోమని కాదు. దుదా అని వాళ్ల తిత్తి ఊదే ఏడో పాట నాకింకా ఎక్కనేలేదు, వచ్చినప్పుడల్లా దాటేస్తున్నాను.

– ఒక పాఠకుడు