కొండకర్ల ఆవకు తెల్లవారుజామున ఒక బస్సు కావాలి

సంపాదకుడు గారికి,

కొండకర్ల ఆవ అంటే పక్షులు చేరే పెద్ద మంచినీటి సరస్సు. మా గాజువాక నుంచి అక్కడికి బండి మీద గంట ప్రయాణం. చలికాలంలో నైట్ షిఫ్ట్ లేని ఆదివారాలు తెల్లారేసరికి నేను అక్కడుంటాను. ఆ వేళ గట్టు మీద నేనూ, దోనెలు విప్పుకునే జాలర్లూ తప్ప ఎవరూ ఉండరు. పదకొండు దాటాక కార్లు వస్తాయి. కార్తీకమాసంలో అయితే పిక్నిక్ బ్యాచ్‌లు, సౌండ్ బాక్సులు. అప్పటికి పక్షులు దూరంగా తుంగలోకి వెళ్లిపోతాయి. "ఇక్కడ పక్షులేం లేవే" అంటూ వచ్చినవాళ్లు తిరిగి వెళ్లిపోవడం చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ బాధేస్తుంది.

మొన్న జనవరిలో దోనె ఎక్కాను. రెండు తాటి దుంగలు తొలిచి, పక్కపక్కన కలిపి కట్టిన దోనె అది. మోటారు చప్పుడు ఉండదు కాబట్టి పక్షి బెదరదు. తామరాకుల మధ్య దోనె ఆపి, నడిపే ఆయన వేలు చూపించాడు. నాలుగు బారల దూరంలో జకానా అనే నీటిపక్షి! ఆకు మీద నడుస్తోంది. కాలివేళ్లు ఎంత పొడుగంటే, దాని బరువు ఆకంతా పరుచుకుంటుంది. ఆకు కాస్త వంగి, అంచు మీదుగా నీళ్లు లోపలికి వచ్చేలోపు పక్క ఆకు మీదికి వెళ్లిపోయింది. "గుడ్లు పొదిగేది మగదే బాబూ" అన్నాడాయన. తర్వాత పుస్తకంలో చూస్తే నిజమే. నొసటన తెల్ల నామంతో ఉండే నామాల కోళ్లు ఏ నెలలో దిగుతాయో, ఏ పక్షి ఎటువైపు గూడు కడుతుందో ఆయనకు తెలుసు. అడిగేవాళ్లే లేరు.

నగరంలో ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ దగ్గరా పక్షులు కనిపిస్తాయి. కానీ అవి తాగునీటి రిజర్వాయర్లు, అక్కడ జనం మరీ ఎక్కువ తిరగకపోవడమే మంచిది. పక్షుల్ని చూడాలనుకునే విశాఖ వాళ్లకు కొండకర్లే దారి. ఆ దారికే బస్సు లేదు. అంటే, తెల్లవారే వేళకు చేర్చే బస్సు లేదు. సొంత బండి లేని కుటుంబం అక్కడికి చేరేసరికి ఎండెక్కిపోతుంది. మా అబ్బాయి స్కూల్లో టూర్ అంటే కైలాసగిరి, సబ్‌మెరైన్ మ్యూజియం. అవీ చూడాల్సినవే, కాదనను. కానీ ఇంత దగ్గర్లో ఉన్న ఆవను ఆ క్లాసులో ఒక్క పిల్లాడూ చూడలేదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, ఆదివారాలు మాత్రమే, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి తెల్లవారుజామున 4.30కి గాజువాక మీదుగా ఒక బస్సు వేయండి. ఆరింటికల్లా గట్టు మీద ఉంటాం. దోనెలు నడిపేవాళ్లకే కాస్త శిక్షణ ఇచ్చి, రోజుకూలి ఇచ్చి గైడ్లుగా పెట్టండి. గట్టు దగ్గర బొమ్మలతో, తెలుగు పేర్లతో ఒక బోర్డు పెట్టండి. సౌండ్ బాక్సుల్ని గట్టు మీదికి రానివ్వకండి.

హద్దుల సంగతి కూడా చూడాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఆవ అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది, చూసేవాళ్లలో ఎక్కువమంది విశాఖ వాళ్లు. మధ్యలో ఎవరి బాధ్యతా కాకుండా పోతుందేమోనని నాకు భయం. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు గుర్తించిన నీటి వనరుల్లో ఆక్రమణను, చెత్త పోయడాన్ని నిషేధించాయి. వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు పడవల జెట్టీలు తప్ప శాశ్వత కట్టడాలు కూడదన్నాయి. ఆ గీత ఎక్కడిదాకా వస్తుందో కొలిచి, రాళ్లు పాతి, మ్యాపును పంచాయతీ గోడ మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. రిసార్టుల ఆలోచన ఏదైనా ఉంటే ఆ తర్వాతే.

అన్నీ ఒకేసారి కావని తెలుసు. నవంబరులోపు ఆ బస్సు ఒక్కటి మొదలుపెట్టండి. మొదటి ఆదివారం మా వీధి పిల్లల్ని నేనే తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాజువాక, విశాఖపట్నం