వ్యాసం రాయించడానికి ఒక పీరియడ్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్ని. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక నా పని చాలా మారిపోయింది. మొన్న తొమ్మిదో తరగతి పిల్లలను ‘మా ఊరి సంత’ మీద వ్యాసం రాసుకురమ్మంటే, నలుగురి నోటుబుక్కుల్లో అక్షరం తేడా లేకుండా ‘సంత గ్రామీణ ఆర్థిక వ్యవస్థకు వెన్నెముక’ అని ఉంది. ఒక్క పాప మాత్రం వాళ్ల నాయనమ్మ చింతచిగురు దోసిళ్లతో కొలిచి అమ్మే సంగతి రాసింది, తప్పులు బోలెడు, అయినా చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ప్రశ్నపత్రాలకు నేనూ ఏఐ వాడుతున్నాను, టైం కలిసొస్తోంది, కాదనను. కానీ పద్యానికి గణవిభజన అడిగితే తప్పులు ఇస్తోంది, మళ్లీ నేనే గురులఘువులు గుర్తించి చూసుకోవాలి. పిల్లలతో వ్యాసాలు తరగతిలోనే, నా కళ్లముందే రాయించాలంటే వారానికి ఒక పీరియడ్ అదనంగా కావాలి. విద్యాశాఖ దయచేసి ఆలోచించాలి.

– ఒక తెలుగు ఉపాధ్యాయురాలు