వార్షిక నివేదిక 2024–25: పాఠశాల సంగీత ఉపాధ్యాయ శిక్షణ

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో చేసుకున్న తీర్మానం మేరకు ఈ ఏడాది త్యాగరాజ ఆరాధన తప్ప తక్కిన కచేరీలను తగ్గించుకొని, మన సంగీత సంఘం శక్తినంతా ఒకే పని మీద పెట్టాం. విజయనగరంలోను, చుట్టుపక్కల మండలాల్లోను సంగీతం చదువుకున్న మన పిల్లలు బడిలో సంగీత ఉపాధ్యాయులు కావాలంటే ఏ చదువు, ఏ పత్రం, ఏ అభ్యాసం కావాలో విచారించి వారిని సిద్ధం చేయడమే ఆ పని. 1919లో హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులుగా గానపాఠశాల మొదలైన ఊరు మనది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠం చెప్పిన, ఘంటసాల పాఠం నేర్చుకున్న ఊరు. ఇక్కడ విద్వత్తుకు ఎన్నడూ లోటు లేదు. లోటల్లా ఆ విద్వత్తును ఉద్యోగానికి పనికివచ్చేలా చేసే కాగితం దగ్గరా, నలభై మంది పిల్లల ముందు నిలబడి పాఠం నడిపే అలవాటు దగ్గరా ఉందని ఈ ఏడాది తేలింది.

ముందు కాగితం సంగతి. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు. ఆరేళ్లు శ్రమించి డిప్లొమా పట్టా తెచ్చుకున్నవారు తమ చదువు డిగ్రీతో సమానమని అనుకోవడం సహజమే కాని, నియామక ప్రకటనలు అలా చూడవు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రాథమిక స్థాయి సంగీత ఉపాధ్యాయ పోస్టుకు ఇంటర్మీడియట్‌లో 50 శాతం మార్కులతో పాటు సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత ఉండాలి. ఆ 'సమానమైన' అన్న ఒక్క మాట దగ్గరే మనవాళ్ల దరఖాస్తులు చిక్కుకుంటున్నాయి. డిప్లొమాతో పాటు బీకాం చదివిన మన సభ్యురాలి కుమార్తె ఒకరు తుల్యతా పత్రం (చదువు డిగ్రీతో సమానమని తెలిపే పత్రం) కోసం ఒక కార్యాలయానికి పెట్టుకున్న అర్జీ రెండుసార్లు తిరిగివచ్చింది. మూడోసారి మన సంఘం తరఫున ఇద్దరు పెద్దలు వెంట వెళ్లాక గాని స్వీకరించలేదు. ఈ అనుభవం తరువాత, ఇంటర్ చదువుతున్న పిల్లలందరికీ డిప్లొమాను వదలకుండానే సంగీతం ఒక విషయంగా ఉన్న డిగ్రీలో చేరమనీ, ఇప్పటికే వేరే డిగ్రీ పూర్తిచేసినవారికి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోనో, తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోనో, హైదరాబాదు తెలుగు విశ్వవిద్యాలయంలోనో ఎం.ఏ. సంగీతం ప్రవేశ నిబంధనలు చూసుకోమనీ సలహా ఇస్తున్నాం.

బి.ఎడ్. చేస్తే సరిపోదా అని తల్లిదండ్రులు చాలామంది అడిగారు. 2014 నిబంధనల తరువాత బి.ఎడ్. రెండేళ్ల కోర్సు అయింది, అందులో మొత్తం ఇరవై వారాలు బడిలో గడపాలి, నాటకం, కళలు బోధనలో ఎలా ఉపయోగపడతాయో చెప్పే భాగమూ ఉంది. అయితే మన రాష్ట్రంలో బి.ఎడ్. ప్రవేశపరీక్ష ఎడ్‌సెట్ ద్వారా ఎంచుకునే మెథడాలజీలు (బోధించడం నేర్చుకునే విషయాలు) గణితం, భౌతిక, జీవశాస్త్రాలు, సాంఘికం, ఇంగ్లీషు వంటివే గాని వాటిలో సంగీతం లేదు. అంటే సంగీతం ఎలా బోధించాలో నేర్పకుండానే బి.ఎడ్. పట్టా వస్తుంది. అదే 2014 నిబంధనల్లో ప్రదర్శన కళల బోధనకు రెండేళ్ల డిప్లొమా కూడా ఉంది. కాని మేము విచారించినంత మేర దగ్గరలో అది నడిపే సంస్థ కనబడలేదు. మా అభిప్రాయంలో అసలు ఖాళీ ఇక్కడే ఉంది.

ఆ ఖాళీని కొంతైనా పూడ్చడానికి ఒక ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుల అనుమతితో ప్రతి శనివారం మన అభ్యర్థులచేత అక్కడి పిల్లలకు అభ్యాస పాఠాలు చెప్పించాం. మొదటి నెల అనుభవం, దాచుకోవడం దేనికి, నిరుత్సాహంగానే ఉంది. మంచి గాత్రం ఉన్న అమ్మాయి మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు (తొలి స్వర పాఠాలు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడించబోగా రెండో వరుసకే వెనక బెంచీలు గోలలో పడ్డాయి. గురువుగారి ఎదుట ఒక్కరే కూర్చుని నేర్చుకున్న విద్యను, గురువుగారు తనకు చెప్పినట్లే నలభై మందికి చెప్పబోవడం వల్ల వచ్చిన చిక్కు అది. శ్రుతి (పాటకు ఆధారమైన స్వరం ఎత్తు) విషయంలోనూ అంతే: తన గొంతుకు నప్పే ఒకటిన్నర శ్రుతిలో ఒక అబ్బాయి పాడుతుంటే ఆరో తరగతి పిల్లలు అందుకోలేక కిందికీ పైకీ పోయారు. పిల్లల శ్రుతి ముందు చూసుకొని తరువాత మన శ్రుతి సర్దుకోవాలనీ, గొంతు మారే వయసులో ఉన్న ఎనిమిదో తరగతి మగపిల్లలను తారస్థాయికి (పై స్వరాలకు) బలవంతంగా తీసుకువెళ్లక వారికి తాళం అప్పగించాలనీ, పదిహేను నిమిషాలు ఒక జానపద గేయం అందరిచేతా పాడించి అందులోని స్వరాలనుంచే వరుసకు రావచ్చుననీ వారం వారం చర్చించుకున్నాక పాఠాలు గాడిన పడ్డాయి. ఈ చర్చల్లో కళాశాల నుంచి విరమించిన మన పెద్దలు చూపిన ఓపికకు కార్యవర్గం కృతజ్ఞతలు తెలుపుతోంది.

కేంద్రీయ విద్యాలయాల ఎంపికలో రాతపరీక్షతో పాటు పాడి చూపవలసిన ప్రదర్శన పరీక్ష ఉంటుంది; హిందీ, ఇంగ్లీషు మాధ్యమాల్లో బోధించగలగాలన్న షరతూ ఉంది. ప్రశ్నల్లో హిందుస్తానీ పదజాలం ఎదురైనప్పుడు మన పిల్లలు తడబడుతున్నారని గమనించి పది థాట్‌లను (హిందుస్తానీ రాగాలను వర్గీకరించే మూల స్వరవరుసలను) మన కర్ణాటక సంగీతంలోని మేళకర్తలతో (జనక రాగాలతో) జతచేసి నేర్పించాం. బిలావల్‌కు శంకరాభరణం, కాఫీకి ఖరహరప్రియ, భైరవ్‌కు మాయామాళవగౌళ సులువుగానే పట్టుబడ్డాయి. అసలు తికమక పేర్లు కలిసేచోట వచ్చింది: వారి భైరవి థాట్ మన హనుమతోడికి సాటి, వారి తోడి థాట్ మన శుభపంతువరాళికి సాటి. మన సంఘంలోని విశ్రాంత హిందీ పండితులు ఒకరు వారానికి రెండు సాయంత్రాలు స్వరాల గురించి హిందీలో మాట్లాడించారు.

ఉద్యోగాల విషయం క్లుప్తంగా చెప్పాలంటే, అవకాశాలు తక్కువ గాని లేకపోలేదు. జవహర్ నవోదయ విద్యాలయాల్లో సంగీత ఉపాధ్యాయ పోస్టులు ఉన్నాయి. 2023లో తెలంగాణ గురుకులాల నియామక మండలి 124 సంగీత ఉపాధ్యాయ ఖాళీలు ప్రకటించింది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలున్న బడికి కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంటుంది. మన జిల్లాలో అది ఎక్కడెక్కడ అమలవుతోందో తెలపమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు సిద్ధం చేశాం.

జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు. శ్రుతిపెట్టెలకు, రెండు హార్మోనియంల మరమ్మతుకు అయిన ఖర్చు ఆరాధన నిధి నుంచి తీసుకున్నందున దాన్ని వచ్చే ఏడాది చందాలతో సర్దుబాటు చేయడానికి సభ్యుల ఆమోదం కోరుతున్నాం. శనివారపు పాఠాలను రెండో బడికి విస్తరించాలన్నది కార్యవర్గం ప్రతిపాదన. ఇందుకు నెలకు ఒక శనివారమైనా సమయం ఇవ్వగల సభ్యులు సమావేశం ముగిసేలోగా తమ పేర్లు నమోదు చేయించవలసిందిగా మనవి.

— కార్యదర్శి