మన చర్చి సహాయ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలన్నది నియమం. రాలేని వాళ్ళ కోసం గ్రూపులో కూడా పెడుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు, మళ్ళీ చెప్పను. పేర్లు వేయొద్దని పనిచేసినవాళ్ళలో చాలామంది కోరారు కాబట్టి పేర్లు లేవు, కానీ ఎవరి పని ఏదో మీకే అర్థమవుతుంది.

ముందు స్త్రీల సమాజం అక్కలకు వందనాలు చెప్పాలి. ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పక్క డబ్బాలో వేయడం మన అమ్మమ్మలు చేసిందే, అపార్ట్‌మెంట్లలోకి వచ్చాక చాలా ఇళ్ళలో ఆగిపోయింది. అక్కలు ఇంటింటికీ తిరిగి దాన్ని మళ్ళీ మొదలుపెట్టించారు. నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక డబ్బాలన్నీ ఒకే గోతాంలో పోస్తే సన్నబియ్యం, దొడ్డుబియ్యం కలిసిపోయి, వండినప్పుడు సగం మెత్తబడి సగం పలుకుగా ఉండేది. అక్కలే రెండు గోతాలు పెట్టి, దొడ్డుబియ్యాన్ని ఇడ్లీ పిండికి మళ్ళించారు. 2025 ఉగాది నుంచి మన తెలంగాణలో రేషను షాపులోనూ సన్నబియ్యం ఇస్తున్నారు కాబట్టి వచ్చే ఏడు ఈ తిప్పలు తగ్గొచ్చు. కిరాయి ఇంట్లో ఉంటూ, నాలుగిళ్ళలో పనిచేసుకునే ఒక అక్క డబ్బా ఏ నెలా ఖాళీగా రాలేదు. ఆ సంగతి ఇక్కడ రాసి ఉండాలని నాకు అనిపించింది.

ఇక ఆసుపత్రి పని. నగరంలోని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి బయట శనివారం రాత్రుళ్ళు భోజనం పెడుతున్నాం కదా. లోపల పడుకున్న పేషెంటుకు ఆసుపత్రి తిండి వస్తుంది. వెంట వచ్చిన వాళ్ళకు రాదు. ఒక్కరికే పాసు ఇస్తారు, మిగతావాళ్ళు ఫుట్‌పాత్ మీద, బస్‌స్టాప్‌లో పడుకుంటారు. మధ్యాహ్నానికి, నగరపాలక సంస్థ 2014లో మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం చాలామందిని ఆదుకుంటోంది, దాన్ని నడిపేవాళ్ళకు దండం పెట్టాలి. ఇబ్బందంతా రాత్రికే. ఎండాకాలంలో సాంబారన్నం పాడవుతుందని పులిహోరకు మారాం. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు అడిగితే జొన్నరొట్టెలు చేర్చాం.

ఒక రాత్రి ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ పొట్లం వద్దంది. చేతిలో ఉన్న బటన్ ఫోను చూపించి, "అన్నం మొన్న కూడా తిన్న బిడ్డా, ఇది చచ్చిపోయింది, చార్జింగ్ పెట్టుకునే జాగ ఉంటే చెప్పు" అంది. కొడుకు లోపల ఉన్నాడు. రక్తం కావాలన్నా, మందు తేవాలన్నా వార్డు నుంచి ఫోనే వస్తుంది. ఆ ఫోను ఎత్తకపోతే ఏమవుతుందోనన్న టెన్షన్‌తో ఆమెకు ముద్ద దిగడం లేదు. అంతవరకూ మనం అన్నం గురించే ఆలోచిస్తున్నాం. ఆ వారమే మన కుర్రాళ్ళు ఎదురుగా ఉన్న టీకొట్టు చాచాతో మాట్లాడి ఎక్స్‌టెన్షన్ బోర్డులు పెట్టించారు. కరెంటు ఖర్చు మనం ఇస్తామన్నాం, ఆయన సగమే తీసుకుంటున్నారు. ఏ ఫోను ఎవరిదో కలిసిపోకుండా బట్టలకు పెట్టుకునే క్లిప్పులకు పేర్ల చీటీలు అంటించి తగిలిస్తారు. ఈ ఏడాది మనం చేసిన వాటిలో చాలా తక్కువ ఖర్చుతో చాలా మందికి ఉపయోగపడింది ఇదే.

పొట్లంతో పాటు కరపత్రం ఇవ్వాలని కొందరు సభ్యులు అడిగారు. కమిటీ వద్దనే తీర్మానించింది, నేనూ ఆ తీర్మానం వైపే ఉన్నాను. ఆకలితో ఉన్నవాడికి అన్నం పెట్టి దానికి బదులు ఏదీ అడగకూడదు. ఎవరైనా తమంతట తామే ప్రార్థన చేయమంటే అక్కడే నిలబడి చేస్తున్నాం.

ఇప్పుడు కొంచెం కఠినంగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ఈ ఏడాది మన గ్రూపులో వచ్చిన మెసేజ్‌లలో ఫిర్యాదులే ఎక్కువ. మైకు సరిగ్గా లేదు, కుర్చీలు చాలలేదు, పాస్టరు అయ్యగారు మా ఇంటికి రాలేదు, పులిహోరలో పల్లీలు తక్కువ. బైబిల్లో నిర్గమకాండం 16వ అధ్యాయం మనందరికీ తెలిసిందే. అరణ్యంలో జనం సణిగారు, దేవుడు మన్నా అనే ఆహారం కురిపించాడు, తెల్లవారేదాకా దాచుకున్నది పురుగు పట్టి కంపు కొట్టింది. ఆ మన్నా సంగతినే అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో మళ్ళీ ఎత్తాడు. ఎందుకు? యెరూషలేములోని పేద విశ్వాసుల కోసం కానుక సమకూరుస్తూ. ముందుకొచ్చి ఇచ్చిన మాసిదోనియ సంఘాలు కలిగినవి కావు, నిరుపేదవి. ఇచ్చే అవకాశం మాకూ కావాలని వాళ్ళే బతిమాలుకున్నారు. నేను ఈ అధ్యాయం చదివినప్పుడల్లా మన పిడికెడు బియ్యం అక్కే గుర్తొస్తుంది.

అలాగని ఎవరూ ఏమీ అనకూడదని నేను చెప్పడం లేదు. అపొస్తలుల కార్యములు 6లో, రోజువారీ పంపిణీలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అందడం లేదని సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు ఎవరి నోరూ మూయించలేదు. ఏడుగురిని ఎన్నుకోమని పని అప్పజెప్పారు, ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే. బాధ తెలిసిన వైపు వాళ్ళ చేతికే పంపిణీ వెళ్ళింది. కమిటీ కూడా ఈ ఏడాది అదే పద్ధతి పెట్టుకుంది: లోటు చూపించినవారే ఆ పని తీసుకోవాలి. పల్లీలు తక్కువన్న అన్నే ఇప్పుడు పోపు దగ్గర నిలబడుతున్నారు, పులిహోర నిజంగానే బాగుపడింది. మైకు గురించి రాసినవారు మాత్రం ఇంకా జవాబివ్వలేదు.

క్రిస్మస్‌కు ముందు జరుపుకునే సెమీ క్రిస్మస్ గురించి వివరంగా రాయాలి. ఏటా స్టేజి, ఎల్‌ఈడీ తెర, లైటింగు, తర్వాత మనం మనం కలిసి బిర్యానీ. ఈసారి స్టేజి మానేసి ఆ డబ్బుతో ఆసుపత్రి దగ్గరే అందరితో కలిసి తినాలని యవ్వనస్తులు ప్రతిపాదించారు. ఏడాదికోసారి వచ్చే పండుగ, పిల్లలు డ్యాన్సులు ఎక్కడ వేస్తారని చాలామంది బాధపడ్డారు. అనుమతి కోసం రెండు ఆఫీసులు ఒకదాని మీద ఒకటి చెప్పి తిప్పించాయి, కాగితం చేతికొచ్చేసరికి ముందురోజు సాయంత్రమైంది. చివరికి డిసెంబరు చలిలో టార్పాలిన్లు పరిచి, దేక్షాలు ఆటోల్లో తెచ్చి, మన కుటుంబాలూ పేషెంట్లతో వచ్చినవాళ్ళూ ఒకే వరుసలో కూర్చున్నారు. పిల్లలు పాటలు పాడారు, స్టేజి లేదని ఒక్కరూ అడగలేదు. మధ్యలో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒకాయన లేచి, మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు వడ్డించేది నేనేనంటూ మన కుర్రాడి చేతిలో గరిటె తీసుకున్నాడు. భార్య లోపల ఐసీయూలో ఉంది. బాగారా అన్నం ఎవరికెంత వేయాలో, దాల్చా ఎప్పుడు రెండోసారి తిప్పాలో మన అందరికంటే ఆయనకే బాగా తెలుసు. చివరి వరుస దాకా ఆయనే వడ్డించాడు. స్టేజి వద్దంటే అందరికంటే ఎక్కువ బాధపడిన అక్క ఆయన వెనకాలే నీళ్ళ జగ్గు పట్టుకుని తిరిగింది. ఈ సంఘంలో ఉన్నందుకు నాకు గర్వంగా అనిపించిన రోజు అది.

యవ్వనస్తులు మెదక్ చర్చి చూసి వచ్చారు. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర ఆ కట్టడం పనిపెట్టించిన సంగతి, 1924 డిసెంబరు 25న దాన్ని ప్రతిష్ఠించిన సంగతి తిరుగు ప్రయాణంలో చాలాసేపు మాట్లాడుకున్నారట. సెమీ క్రిస్మస్ ఆలోచన ఆ బస్సులోనే పుట్టింది.

లెక్కలు: కానుకలు, కోతపండుగ వేలం, ఇద్దరు దాతల విరాళాలు, ఇవే రాబడి. నూనె, చింతపండు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు, ఆటో కిరాయిలు పెద్ద ఖర్చులు. వేలంలో ఒక ఆనపకాయను పాడి, డబ్బు కట్టి, కాయను మళ్ళీ వేలానికే ఇచ్చేసిన కుటుంబానికి ప్రత్యేక వందనాలు. కోశాధికారి అన్న లెక్కలన్నీ ఆడిటరుకు చూపించారు, కాపీ నోటీసు బోర్డు మీద ఉంది.

వందనాలు ఇంకా చాలామందికి ఉన్నాయి. వంటగది తాళం అడిగిన ప్రతిసారీ విసుక్కోకుండా ఇచ్చిన వాచ్‌మన్ తాతకు, జొన్నరొట్టెలు కొట్టే అక్కలకు, సొంత ఆటో పెట్టి పెట్రోలు డబ్బులు కూడా తీసుకోని తమ్ముడికి, ప్రతి శనివారం ముందుగా ఫోన్ చేసి బలపరిచిన అయ్యగారికీ అమ్మగారికీ.

వాలంటీర్ల పట్టికలో పేర్లు నిండుగా ఉన్నాయి, పనికి వచ్చేవాళ్ళు మాత్రం ఆ కొద్దిమందే. ఎండాకాలంలో రెండు వారాలు నలుగురే వంద పొట్లాలు కట్టారు. రాలేకపోతే శుక్రవారం రాత్రిలోగా చెప్పండి, ఆఖరి గంటలో ఫోను స్విచ్ఛాఫ్ చేయకండి.

కొత్త కమిటీ ఎన్నిక భోజనాలకు ముందే జరుగుతుంది. నాలుగో శనివారాలకు బండి నడిపేవాళ్ళు ఇద్దరు, చార్జింగ్ బోర్డుల దగ్గర కూర్చోవడానికి ఒకరు కావాలి. మైకు పని ఇంకా ఖాళీగానే ఉంది. పేర్లు నాకే ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి